కార్చిచ్చు పటాన్ని చదవడం: శాన్ గాబ్రియల్ పర్వత ట్రెక్కర్ల అనుభవం, విస్తరణ విభాగానికి పాఠాలు

సారాంశం

అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరానికి ఉత్తరాన గల శాన్ గాబ్రియల్ పర్వతాల్లో 2009, 2020, 2024, 2025 సంవత్సరాల్లో పెద్ద కార్చిచ్చులు సంభవించాయి. ఈ కొండదారుల్లో ఏళ్ల తరబడి నడిచిన ట్రెక్కర్లు ఉపగ్రహ పటాలు, పర్వత శిఖరాలపై అమర్చిన కెమెరాలు, వాతావరణ కేంద్రాల సమాచారం ఆధారంగా మంట గమనాన్ని ఇంటి నుంచే గమనిస్తుంటారు. కొండ వాలు, మొక్కల తేమ, గాలి దిశ తెలిసినవారికి పటం అర్థవంతమవుతుంది. అయితే పటంలో కనిపించేది కొన్ని గంటల క్రితపు మంట మాత్రమే. ఈ కాల వ్యవధిని గుర్తించకపోతే పటమే ప్రమాదహేతువు కాగలదు. మంట వ్యాప్తికి కారణమయ్యే అంశాలు, ఉపగ్రహ సమాచారపు శక్తి, పరిమితులు, మంట అనంతరం నేలలో వచ్చే మార్పులు, ఇవి తెలుగు రాష్ట్రాల పొడి ఆకురాల్చు అడవులకు వర్తించే తీరు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

కీలక పదాలు: కార్చిచ్చు, ఇంధన తేమ, కొండ వాలు, ఉపగ్రహ సమాచారం, నేల కోత, ముందస్తు హెచ్చరిక

ఉపోద్ఘాతం

కార్చిచ్చును గురించిన సమాచారం రెండు వర్గాల వారి వద్ద ఉంటుంది. మొదటి వర్గం ఉపగ్రహాలు, నమూనాలు, గణాంకాలతో పనిచేసే నిపుణులు. రెండవ వర్గం ఆ నేలపై తిరిగినవారు: ఏ లోయ ఎంత ఇరుకైనదో, ఏ వాలున ఏ పొదలున్నాయో, సాయంత్రం గాలి ఎటు తిరుగుతుందో పాదాలతో తెలుసుకున్నవారు. శాన్ గాబ్రియల్ పర్వతాల సమీపంలో నివసించే ట్రెక్కర్లు ఈ రెండవ వర్గానికి చెందుతారు. గత రెండు దశాబ్దాల్లో ఉపగ్రహ సమాచారం అందరికీ ఉచితంగా అందుబాటులోకి రావడంతో మొదటి వర్గపు సాధనాలు కూడా వీరి చేతికి వచ్చాయి. పటం మీద ఒక ఎర్రని చుక్క కనిపించగానే అది ఏ కాలిబాట పక్కన ఉందో, దాని పైనున్న శిఖరం ఏదో, ఆవలి వైపు ఏ ఊరు ఉందో వీరు చెప్పగలరు.

శాస్త్రీయ సమాచారం, స్థానిక జ్ఞానం ఒకే వ్యక్తిలో కలిసిన అరుదైన సందర్భమిది. అందువల్ల విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఇది అధ్యయనార్హమైన విషయం. చీడపీడల హెచ్చరిక, వాతావరణ సలహా, తుఫాను సమాచారం రైతుకు చేరే తీరులో కూడా ఇదే ప్రశ్న ఎదురవుతుంది: అందిన సమాచారాన్ని గ్రహీత ఏ మేరకు సరిగా చదువుతున్నాడు?

పర్వతాల స్వరూపం, వృక్షసంపద

శాన్ గాబ్రియల్ పర్వత శ్రేణి తూర్పు పడమరలుగా విస్తరించి ఉంటుంది. దక్షిణాన లాస్ ఏంజెలిస్ మైదానం, ఉత్తరాన మొహావి ఎడారి అంచున గల యాంటిలోప్ వ్యాలీ దీని హద్దులు. అత్యున్నత శిఖరమైన మౌంట్ శాన్ ఆంటోనియో ఎత్తు 3,068 మీటర్లు. నగరానికి ఎదురుగా నిలిచే మౌంట్ విల్సన్ శిఖరం ఎత్తు సుమారు 1,740 మీటర్లు. 1904లో స్థాపించిన ప్రసిద్ధ ఖగోళ పరిశోధనశాల దీనిపైనే ఉంది. వాలులు అతి నిటారుగా ఉండి, రాయి పగుళ్లుబారి, నేల కోతకు అనువుగా ఉంటుంది.

దిగువ, మధ్య వాలుల్లో చాపరాల్ అని పిలిచే పొద అడవి పెరుగుతుంది. చమీస్, మంజనీటా, సియనోథస్, పొద ఓక్ ఇందులో ప్రధానమైనవి. వీటి ఆకులు చిన్నవిగా, దళసరిగా, మైనపు పూతతో ఉంటాయి. ఎగువన పైన్, ఫర్ వంటి సూదాకు వృక్షాలు కనిపిస్తాయి. వర్షం శీతకాలంలో కురుస్తుంది. మే నుంచి అక్టోబరు వరకు వాన దాదాపు ఉండదు. వేసవి చివరికి పొదలు పూర్తిగా ఎండుముఖం పడతాయి. తెలుగు ప్రాంతపు అడవుల్లో మంట ప్రధానంగా నేలపై రాలిన ఆకుల్లో, గడ్డిలో పాకుతుంది. చాపరాల్‌లో మాత్రం పొద పొదంతా, పచ్చి ఆకుతో సహా, ఒక్కసారిగా మండుతుంది. ఈ భేదాన్ని గుర్తుంచుకోవడం అవసరం.

ఇంధన తేమ: పొలంలో తెలిసిన పద్ధతే

మంట వ్యాప్తిని నిర్ణయించే తొలి అంశం మొక్కల తేమ. దీనిని కొలిచే పద్ధతి వ్యవసాయ విద్యార్థులకు సుపరిచితమైనదే. లేత కొమ్మలను కత్తిరించి, గాలి చొరని డబ్బాలో ఉంచి, తూకం వేసి, ఓవెన్‌లో ఎండబెట్టి, మళ్లీ తూచి, కోల్పోయిన నీటిని పొడి బరువు శాతంగా లెక్కిస్తారు. పచ్చి బరువు 160 గ్రాములు, పొడి బరువు 100 గ్రాములు అయితే తేమ 60 శాతం. లాస్ ఏంజెలిస్ కౌంటీ అగ్నిమాపక శాఖ 1981 నుంచి నిర్ణీత స్థలాల్లో క్రమం తప్పకుండా ఈ కొలతలు తీస్తోంది. వసంతంలో చమీస్ తేమ 100 శాతానికి మించి ఉంటుంది. వేసవి చివరికి 60 శాతానికి పడిపోతుంది. ఆ స్థాయిని అక్కడి అగ్నిమాపక సిబ్బంది ప్రమాద స్థాయిగా పరిగణిస్తారు.

ఎండిన ఇంధనం తీరు వేరు. అది గాలిలోని తేమను పీల్చుకుంటూ, వదులుతూ ఉంటుంది. మందాన్ని బట్టి దీనిని నాలుగు తరగతులుగా విభజిస్తారు. సుమారు 6 మిల్లీమీటర్ల లోపు మందం గల గడ్డి, ఆకులు ఒక గంట ఇంధనం. 6 నుంచి 25 మిల్లీమీటర్ల పుల్లలు 10 గంటల ఇంధనం. 25 నుంచి 75 మిల్లీమీటర్ల కొమ్మలు 100 గంటల ఇంధనం. అంతకు మించి 200 మిల్లీమీటర్ల వరకు గల దుంగలు 1,000 గంటల ఇంధనం. పరిసర గాలితో సమతుల్యతకు రావడంలో మూడింట రెండు వంతుల మార్పు జరగడానికి పట్టే కాలాన్ని ఈ అంకెలు సూచిస్తాయి. ఉదయం చల్లగా, తడిగా తోచిన గడ్డి మధ్యాహ్నానికి అంటుకోవడానికి సిద్ధంగా ఉండటానికి కారణమిదే. ఉదయపు పరిస్థితిని చూసి ప్రయాణం మొదలుపెట్టే ట్రెక్కరు తరచుగా విస్మరించే విషయం కూడా ఇదే.

వాలు, గాలి

మంట వాలు మీదుగా పైకి పాకేటప్పుడు జ్వాలలు ఎదుటి పొదల వైపు వంగుతాయి. దానివల్ల పైనున్న ఇంధనం ముందే వేడెక్కి, ఎండి, అంటుకోవడానికి సిద్ధమవుతుంది. వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ మంట వేగం రెట్టింపవుతుందనేది క్షేత్రస్థాయిలో వాడే స్థూల సూత్రం. సమతలంపై గంటకు 400 మీటర్లు పాకే మంట 20 డిగ్రీల వాలుపై గంటకు 1,600 మీటర్లు పాకుతుంది. అంటే ఎత్తు లెక్కన గంటలో సుమారు 550 మీటర్లు ఎక్కుతుంది. వీపున సంచితో నడిచే సాధారణ ట్రెక్కరు గంటలో 300 నుంచి 400 మీటర్ల ఎత్తుకు మించి ఎక్కడం కష్టం. కింద మంట కనిపించినప్పుడు శిఖరం వైపు పరుగెత్తడం ఎందుకు ప్రాణాంతకమో ఈ చిన్న లెక్క చెబుతుంది. ఇరుకైన నిటారు లోయలు పొగగొట్టంలా పనిచేసి ఈ వేగాన్ని మరింత పెంచుతాయి.

కొండల్లో గాలికి దినచర్య ఉంటుంది. పగటి ఎండకు వాలులు వేడెక్కి గాలి పైకి వీస్తుంది. రాత్రి చల్లబడిన గాలి లోయల వెంట కిందికి జారుతుంది. లోయ అడుగున చల్లని గాలి నిలిచిన రాత్రుల్లో కొండ నడుమ భాగం వెచ్చగా ఉండిపోయి అక్కడ మంట రాత్రంతా చురుకుగా ఉంటుంది. వేసవిలో పసిఫిక్ మహాసముద్రం నుంచి వచ్చే చల్లని తేమ పొర దక్షిణ వాలులను కప్పినప్పుడు మంట నెమ్మదిస్తుంది, పొగ కింద నిలుస్తుంది. ఆ పొర విడిపోగానే మంట మళ్లీ లేస్తుంది. పొగ తేలిపోయి ఆకాశం తేటపడిందని ఊరట చెందే సమయమే కొండపై మంట పుంజుకునే సమయం కావచ్చు.

వీటన్నిటినీ మించినవి శాంటా ఆనా గాలులు. శరదృతువు నుంచి శీతకాలం వరకు ఎడారి వైపున అధిక పీడనం ఏర్పడినప్పుడు గాలి పర్వతాలు దాటి సముద్రం వైపు దిగుతుంది. దిగే ప్రతి కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల సెల్సియస్ చొప్పున వేడెక్కి, తేమను కోల్పోయి, కనుమల గుండా ఉధృతంగా వీస్తుంది. అప్పుడు మంట వాలును లెక్కచేయదు. కిందికి కూడా దూసుకువస్తుంది.

ఈ మూడు అంశాల ప్రాబల్యం ప్రతి మంటలోనూ ఒకేలా ఉండదు. 2009 ఆగస్టు 26న మొదలై 1,60,000 ఎకరాలకు పైగా దహించిన స్టేషన్ మంట బలమైన శాంటా ఆనా గాలులు లేకుండానే వ్యాపించింది. దశాబ్దాలుగా మండని ఎండు పొదలు, నిటారు వాలులు, తీవ్రమైన వేడి దానికి చాలాయి. ఆ మంటలో ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు.

2020 బాబ్‌క్యాట్ మంట: గమనం

2020 సెప్టెంబరు 6న శాన్ గాబ్రియల్ నది పశ్చిమ పాయపై గల కాగ్స్‌వెల్ ఆనకట్ట సమీపంలో బాబ్‌క్యాట్ మంట మొదలైంది. ఆ రోజే లాస్ ఏంజెలిస్ కౌంటీలోని వుడ్‌లాండ్ హిల్స్‌లో 121 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 49 డిగ్రీల సెల్సియస్‌కు పైగా ఉష్ణోగ్రత నమోదై కౌంటీ చరిత్రలో రికార్డుగా నిలిచింది. సెలవు రోజుల వారాంతం కావడంతో కొండల్లో సందర్శకుల రద్దీ ఉంది. మరుసటి రోజు ఈ అడవితో పాటు దక్షిణ కాలిఫోర్నియాలోని పలు జాతీయ అడవులను, సెప్టెంబరు 9న రాష్ట్రంలోని మొత్తం 18 జాతీయ అడవులను ప్రజల ప్రవేశానికి మూసివేశారు. ట్రెక్కర్లకు ఇక మిగిలింది దూరం నుంచి గమనించడమే.

మంట గమనంలో రెండు దశలు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటి దశలో అది దారులు లేని నిటారు లోయల్లో చిక్కుకొని దక్షిణానికి, పడమరకు పాకింది. నేలపై నుంచి సిబ్బంది చేరడం దుస్సాధ్యమైంది. సెప్టెంబరు 13 నాటికి మైదానపు అంచున గల ఆర్కేడియా, సియెరా మాడ్రే ప్రాంతాల్లో కొన్ని ఇళ్లను ఖాళీ చేయించారు. సెప్టెంబరు 15న మంట మౌంట్ విల్సన్ పరిశోధనశాలకు సుమారు 150 మీటర్ల దూరానికి చేరింది. శిఖరం చుట్టూ సిబ్బంది మోహరించి, పొదలను తొలగించి, ఎదురుమంటలు పెట్టి దానిని కాపాడారు.

రెండవ దశలో నైరుతి గాలుల ప్రభావంతో మంట ఉత్తరానికి మళ్లింది. సెప్టెంబరు 17 నుంచి 19 వరకు పర్వత శ్రేణిని దాటి ఎడారి వైపు వాలుల్లోకి దిగింది. జూనిపర్ హిల్స్ ప్రాంతంలో ఇళ్లు కాలిపోయాయి. డెవిల్స్ పంచ్‌బౌల్ వద్ద గల ప్రకృతి అధ్యయన కేంద్రం భస్మమైంది. చివరికి దహించిన విస్తీర్ణం 1,15,000 ఎకరాలు, అంటే సుమారు 46,000 హెక్టార్లు దాటింది.

దక్షిణ వాలుల గురించి ఆందోళనతో మౌంట్ విల్సన్‌పైనే అందరి దృష్టి నిలిచిన రోజుల్లో అసలు నష్టం శ్రేణికి ఆవల జరగడం ఇందులోని ప్రధాన పాఠం. మంట ఏ అంచున ప్రసిద్ధ స్థలం ఉందో అక్కడ సమాచారం వెల్లువెత్తుతుంది. జనసాంద్రత తక్కువగా ఉన్న అంచు మరుగునపడుతుంది. పటాన్ని చదివేవారు మంట సరిహద్దు మొత్తాన్ని, దానికి ఎదురుగా వీచబోయే గాలిని కలిపి చూడాలి.

పటంలోని చుక్కకు అర్థం

సాధారణంగా ప్రజలకు కనిపించే ఎర్రని చుక్కలు నాసా సంస్థ నిర్వహించే ఫర్మ్స్ వ్యవస్థ నుంచి వస్తాయి. టెర్రా, ఆక్వా ఉపగ్రహాలపై గల మోడిస్ పరికరం 1 కిలోమీటరు పిక్సెల్‌తో, సువోమి ఎన్‌పీపీ, నోవా శ్రేణి ఉపగ్రహాలపై గల వీర్స్ పరికరం 375 మీటర్ల పిక్సెల్‌తో పరారుణ వికిరణాన్ని గ్రహిస్తాయి. ఇక్కడ నాలుగు విషయాలు గుర్తించాలి.

మొదటిది స్థానం. చుక్క పిక్సెల్ మధ్యబిందువును మాత్రమే సూచిస్తుంది. 375 మీటర్ల చదరపు పిక్సెల్ విస్తీర్ణం సుమారు 14 హెక్టార్లు, అంటే 35 ఎకరాలు. అందులో ఏ మూలన మండినా చుక్క మధ్యలోనే పడుతుంది. చుక్క కాలిబాటకు ఈవల ఉన్నంత మాత్రాన మంట ఈవలే ఉందని భావించరాదు.

రెండవది కాలం. వీర్స్ ఉపగ్రహాలు మధ్యాహ్నం, అర్ధరాత్రి దాటాక సుమారు 1.30 గంటల ప్రాంతంలో ఒక స్థలం మీదుగా వెళతాయి. మధ్యాహ్నం 1.30కి తీసిన సమాచారం మూడు గంటల తరువాత పటంపైకి వచ్చి, దానిని ఒకరు రాత్రి 7 గంటలకు చూశారనుకుందాం. ఆ చుక్క వయసు ఐదున్నర గంటలు. మంట గంటకు ఒక కిలోమీటరు చొప్పున కదిలితే ఈపాటికి అది ఐదున్నర కిలోమీటర్ల ఆవల ఉంటుంది. పైగా సమయాన్ని అంతర్జాతీయ ప్రామాణిక కాలమానంలో ఇస్తారు. సెప్టెంబరులో లాస్ ఏంజెలిస్ దానికి 7 గంటలు వెనుక, భారతదేశం ఐదున్నర గంటలు ముందు ఉంటాయి. ఈ సవరణ చేయనివారు తేదీనే తప్పుగా చదివే అవకాశముంది.

మూడవది లోపం. దట్టమైన మేఘాలు, మంట పైనే ఏర్పడే భారీ పొగమేఘాలు వికిరణాన్ని అడ్డుకోగలవు. చుక్క లేకపోవడం మంట లేదనడానికి రుజువు కాదు. మరోవైపు వేడెక్కిన పొగస్తంభం వల్ల మంట లేనిచోట చుక్క పడవచ్చు. భూస్థిర కక్ష్యలోని గోస్ ఉపగ్రహాలు అమెరికా భూభాగాన్ని ప్రతి 5 నిమిషాలకు చిత్రిస్తాయి కనుక కాలభేదం తగ్గుతుంది; కానీ వాటి పరారుణ పిక్సెల్ 2 కిలోమీటర్లు. వేగం కావాలంటే స్పష్టతను, స్పష్టత కావాలంటే వేగాన్ని వదులుకోవాలి.

నాలుగవది సరిహద్దు రేఖ. రాత్రివేళ పరారుణ కెమెరాలు గల విమానాలు ఎగిరి మంట అంచును గుర్తిస్తాయి. ఆ రేఖ ఉదయానికి పటంపైకి వస్తుంది. ఇది మిక్కిలి నమ్మదగినదే అయినా రాత్రి చల్లదనంలో నెమ్మదించిన మంటను చూపుతుంది. మధ్యాహ్నపు మంటను చూపదు.

ఈ పరిమితులను అధిగమించడానికి అనుభవజ్ఞులైన ట్రెక్కర్లు ఒకే ఆధారంపై ఆధారపడరు. చుక్కలను కాంటూరు రేఖల పటంపై ఉంచి వాలును చూస్తారు. శిఖరాలపై గల కెమెరాల్లో పొగ రంగును, వంపును గమనిస్తారు. తెల్లని పొగ తేమను, నల్లని దట్టమైన పొగ తీవ్రమైన దహనాన్ని సూచిస్తాయి. సమీప వాతావరణ కేంద్రంలో గాలి దిశ, తేమ శాతం చూస్తారు. ఈ నాలుగూ ఒకే దిశను చూపినప్పుడే ఒక అంచనాకు వస్తారు.

విస్తీర్ణం, అదుపు శాతం

వార్తల్లో వచ్చే రెండు అంకెలు తరచుగా అపోహలకు దారితీస్తాయి. "అదుపు 30 శాతం" అంటే 30 శాతం మంట ఆరిందని అర్థం కాదు. మంట చుట్టుకొలతలో 30 శాతం పొడవున, దాటదని నమ్మదగిన అడ్డుగీత ఏర్పడిందని అర్థం. మిగిలిన 70 శాతం గాలి వీచే వైపున ఉంటే ప్రమాదం తగ్గినట్లు కాదు.

విస్తీర్ణం కూడా సమగతిలో పెరగదు. మంట అంచు కేంద్రం నుంచి రెట్టింపు దూరం వెళితే విస్తీర్ణం నాలుగు రెట్లవుతుంది. 2024 సెప్టెంబరు 8న ఇదే పర్వతాల్లో మొదలైన బ్రిడ్జ్ మంట రెండు రోజులు కొన్ని వేల ఎకరాలకే పరిమితమై, సెప్టెంబరు 10న ఒక్క రోజులోనే 30,000 ఎకరాలు దాటింది. నిన్నటి వేగంతో రేపటిని లెక్కించడం ఎంత ప్రమాదకరమో ఇది తెలుపుతుంది.

గాలి పటాన్ని దాటిన రాత్రి

2025 జనవరి 7 సాయంత్రం 6 గంటలు దాటాక ఈ పర్వతాల దక్షిణ పాదంలో ట్రెక్కర్లకు చిరపరిచితమైన ఈటన్ లోయ వద్ద మంట అంటుకుంది. ఆనాడు అసాధారణ శాంటా ఆనా గాలులు వీస్తున్నాయి. గాలి ఉధృతి వల్ల విమానాలు, హెలికాప్టర్లు ఎగరలేకపోయాయి. నిప్పురవ్వలు ఇంటి నుంచి ఇంటికి ఎగిరిపడ్డాయి. అటవీ మంట కొన్ని గంటల్లోనే నగర మంటగా మారి ఆల్టడీనా పట్టణాన్ని దహించింది. కాలిన విస్తీర్ణం 14,000 ఎకరాలు మాత్రమే. బాబ్‌క్యాట్ మంటలో ఎనిమిదో వంతు. కాని 9,000కు పైగా కట్టడాలు నాశనమయ్యాయి, 19 మంది మరణించారు.

ఆల్టడీనా తూర్పు భాగానికి ఆ సాయంత్రమే ఖాళీ చేయమన్న ఆదేశాలు వెళ్లాయి. పశ్చిమ భాగానికి అవి తెల్లవారుజామున 3 గంటలు దాటాకనే వెలువడ్డాయి. మరణించినవారిలో దాదాపు అందరూ పశ్చిమ భాగంవారే. హెచ్చరిక కోసం, పటంలో మార్పు కోసం ఎదురుచూసే వ్యవధిని గాలి ఇవ్వని సందర్భాలుంటాయని ఈ విషాదం నిరూపించింది. అటువంటి రాత్రుల్లో ముందుగా నిర్ణయించుకున్న ప్రమాణమే ఆధారం. ఫలానా గాలి వేగం, ఫలానా దిశ, ఫలానా కొండపై మంట అనే మూడు షరతులు కూడినప్పుడు ఆదేశం కోసం వేచిచూడకుండా కదలాలి. పైరుపై చీడల ఆర్థిక నష్ట పరిమితిని ముందే నిర్ణయించినట్లే ఈ పరిమితిని కూడా మంట లేని రోజుల్లోనే నిర్ణయించుకోవాలి.

మంట ఆరిన తరువాత: నేల చెప్పే కథ

మంట ఆరినంతనే కొండ సురక్షితం కాదు. చాపరాల్ మొక్కల్లోని మైనపు పదార్థాలు వేడికి ఆవిరై, నేలలోకి దిగి, కొద్ది లోతున చల్లబడి మట్టి రేణువులకు పూతగా ఏర్పడతాయి. ఆ పొర నీటిని వికర్షిస్తుంది. పైనున్న వదులు మట్టి తడిసి ముద్దయి, కింది పొరపై నుంచి జారిపోతుంది. 1930లలో శాన్ గాబ్రియల్ పర్వతాల్లోనే నెలకొల్పిన శాన్ డిమాస్ ప్రయోగాత్మక అటవీ క్షేత్రం ఈ రకపు నేల, నీటి పరిశోధనలకు ప్రసిద్ధి చెందింది.

స్టేషన్ మంట తరువాతి శీతకాలంలో, 2010 ఫిబ్రవరి 6న కురిసిన భారీ వర్షానికి బురద, రాళ్లు కలిసిన ప్రవాహం లా కన్యాడా ఫ్లింట్‌రిడ్జ్ ప్రాంతంలోకి దూసుకువచ్చి పదుల సంఖ్యలో ఇళ్లను దెబ్బతీసింది. మంట తాకని ఇళ్లను వాన తాకింది. అందుకే కాలిన ప్రాంతాల్లోని కాలిబాటలను చాలా కాలం మూసి ఉంచుతారు. మూసివేతను అనవసర ఆంక్షగా భావించే ట్రెక్కర్లకు ఈ నేల శాస్త్రాన్ని వివరించడమే సరైన సమాధానం.

కోతను అరికట్టడానికి కాలిన వాలులపై రై గడ్డి విత్తనాలు చల్లే పద్ధతి అక్కడ దశాబ్దాల పాటు అమలైంది. గడ్డి మొలిచేలోపే తొలి వర్షాలు నేలను కోసివేయడం, మొలిచిన గడ్డి స్థానిక పొద మొలకలతో పోటీపడటం, ఎండాక అదే మళ్లీ ఇంధనం కావడం గమనించాక ఆ పద్ధతికి ప్రాధాన్యం తగ్గింది. చమీస్ వంటి పొదలు మొదలు నుంచి తిరిగి చిగురిస్తాయి. అయితే కొద్ది సంవత్సరాల వ్యవధిలో మళ్లీ మంట వస్తే వాటి విత్తన నిల్వ తరిగి, బయటి నుంచి వచ్చిన ఏకవార్షిక గడ్డిజాతులు ఆక్రమిస్తాయి. స్టేషన్ మంట తరువాత కాలిన వాలుల్లో పూడుల్ డాగ్ బుష్ అనే మొక్క విస్తారంగా పెరిగింది. దీనిని తాకితే చర్మంపై బొబ్బలు వస్తాయి. కాలిన నేలలో ఏ మొక్క ముందు వస్తుందో ట్రెక్కర్లు తమ చర్మంతో నేర్చుకున్నారు.

తెలుగు ప్రాంతపు అడవులకు అన్వయం

నల్లమల, శేషాచలం వంటి పొడి ఆకురాల్చు అడవుల్లో ఫిబ్రవరి నుంచి మే వరకు మంటల కాలం. ఇక్కడి మంట ఎక్కువగా నేల మంటే అయినా గడ్డి దట్టంగా పెరిగిన వాలుపై దాని వేగాన్ని తక్కువగా అంచనా వేయరాదు. 2014 మార్చిలో తిరుమల సమీపాన శేషాచలం అడవుల్లో చెలరేగిన మంటలను అదుపు చేయడానికి వాయుసేన హెలికాప్టర్లను రప్పించవలసి వచ్చింది. పొరుగున తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో 2018 మార్చి 11న ట్రెక్కింగ్ బృందాలు మంటల్లో చిక్కుకొని 20 మందికి పైగా మరణించారు. ఎండు గడ్డి, నిటారు వాలు, కొండగాలి అక్కడ ఒక్కచోట కూడాయి. చాపరాల్ లేనంత మాత్రాన ఆ లెక్క మారలేదు.

డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుంచి మోడిస్, ఆ తరువాత వీర్స్ సమాచారం ఆధారంగా మంట హెచ్చరికలు పంపుతోంది. పేరు నమోదు చేసుకున్నవారికి ఇవి ఫోన్ సందేశాలుగా అందుతాయి. శాన్ గాబ్రియల్ ట్రెక్కర్లు చూసే చుక్కలు, నల్లమల బీటు అధికారికి అందే చుక్కలు ఒకే ఉపగ్రహాల నుంచి వచ్చేవే. కనుక వాటి పరిమితులూ ఒకటే. వరి కోతల తరువాత పొలాల్లో కాల్చే కొయ్యలు కూడా ఇదే పటంలో చుక్కలుగా కనిపిస్తాయి. అడవి అంచు గ్రామాల్లో ఏది పొలం మంటో, ఏది అడవి మంటో పిక్సెల్ స్థాయిలో విడదీయడం కష్టం. అక్కడ స్థానికుల మాటే నిర్ణాయకం.

విస్తరణ విభాగానికి సూచనలు

1. ఉపగ్రహ హెచ్చరికను గ్రామానికి చేరవేసేటప్పుడు స్థలంతో పాటు ఆ సమాచారం ఎన్ని గంటల క్రితందో భారత కాలమానంలో తప్పక పేర్కొనాలి.

2. అడవి అంచు మండలాల్లో ఫిబ్రవరి నుంచి గడ్డి, ఆకుల తేమను వారానికొకసారి తూకం పద్ధతిలో కొలిచే పనిని విద్యార్థుల క్షేత్ర శిక్షణలో చేర్చవచ్చు. ఓవెన్, త్రాసు గల ఏ ప్రయోగశాలలోనైనా ఇది సాధ్యం.

3. చెంచులు, పశువుల కాపరులు, అటవీ కాపలాదారులు, ట్రెక్కింగ్ మార్గదర్శకులకు తెలిసిన గాలి దిశలు, నీటి వసతులు, బండ నేలలు, పాత కాలిబాటలను కాంటూరు పటంపై గుర్తించి ఉంచాలి.

4. కొండకు వెళ్లే బృందాలకు నాలుగు అంశాలు నేర్పాలి: గమనించే మనిషి, సమాచార సాధనం, తప్పించుకునే దారి, సురక్షిత స్థలం. మంటకు ఎగువన ఎండు గడ్డి వాలుపై గాని, ఇరుకు లోయలో గాని నిలవరాదు. బండరాతి నేల, అప్పటికే కాలి చల్లబడిన నేల సాపేక్షంగా సురక్షితం.

5. కాలిన వాలుల దిగువన గల పొలాలు, చెరువులకు తొలకరి వర్షాలకు ముందే నేల కోత ముప్పును అంచనా వేయాలి. విత్తనాలు చల్లే ముందు ఆ గడ్డి మరుసటి వేసవిలో ఇంధనం అవుతుందో కాదో పరిశీలించాలి.

ముగింపు

శాన్ గాబ్రియల్ పర్వతాల్లో గత పదహారేళ్ల మంటలు నిజానికి ఒకే కొండలపై సాగిన నాలుగు వేర్వేరు పాఠాలు. స్టేషన్ మంటలో ఇంధనం, వాలు. బాబ్‌క్యాట్ మంటలో మారిన గాలి దిశ. బ్రిడ్జ్ మంటలో ఒక్క రోజు విజృంభణ. ఈటన్ మంటలో హెచ్చరిక ఆలస్యం ప్రధానపాత్ర వహించాయి. పటం నాలుగు సందర్భాల్లోనూ అందుబాటులో ఉంది. దానికి వాలును, తేమను, గాలిని జోడించి చదివినవారికే అది ఉపయోగపడింది. ఉపగ్రహం మంట ఎక్కడ ఉండేదో చెబుతుంది. అది ఎటు వెళ్లబోతుందో చెప్పవలసింది ఆ నేలను ఎరిగినవారే. ఈ రెండు జ్ఞానాలను మంటల కాలం రాకముందే ఒకచోట చేర్చడం విస్తరణ వ్యవస్థ కర్తవ్యం.